మేనల్లుడికివ్వని ప్యాకెట్టు

నేవీ ఓడలో రోగుల్ని చూసుకునే తాతబాబుకి సిగ్గనేది బొత్తిగా లేదని అందరూ అనేవారు. ఓడ ఏ రేవులో ఆగినా, షికారుకి దిగే కుర్రాళ్లకి అడ్డంగా మెట్ల దగ్గర నిరోధ్ ప్యాకెట్ల పెట్టెతో కూర్చునేవాడు. "ఎయిడ్స్‌కి మందు లేదు బావా, ఇదే మందు. జేబులో ఎట్టుకో!" అంటూ నవ్వించి మరీ చేతిలో కుక్కేవాడు. ఆ నోటి చలవతో ఎందరు గట్టెక్కారో లెక్కలేదు.

తొంభై తొమ్మిదిలో అతని మేనల్లుడు నాగబాబు అదే ఓడకి వచ్చాడు. జాలారిపేటలో చేపలమ్మే అక్క గంగాలమ్మకి ఒక్కగానొక్క కొడుకు. తాతబాబు కూతురు సాయిదుర్గకి పుట్టిననాడే అనుకున్న మొగుడు. మొదటి రేవులోనే నాగబాబు వరసలో నడుస్తూ పెట్టె దాకా వచ్చాడు. కాబోయే అల్లుడి చేతిలో ఆ ప్యాకెట్టు ఎలా పెట్టడం? తాతబాబు తలవంచుకుని పెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. కుర్రాడు కూడా మామ ముందు చెయ్యి చాపలేక దాటిపోయాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట!

ఏడాది తిరిగాక రక్తదానం చేయబోతే నాగబాబు రక్తం పనికిరాదన్నారు. మళ్లీ పరీక్ష చేశారు. హెచ్ఐవీ ఉందన్న కాగితం తాతబాబు చేతికే వచ్చింది. దాన్ని పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"తెలీక కాదు మావా," అన్నాడు నాగబాబు. "నీ ముందు తీసుకుంటే నన్నేటనుకుంటావో అని సిగ్గేసింది. పెళ్లొద్దని నానే సెప్పేత్తాను. అమ్మకి మాత్రం నిజం సెప్పకు."

తాంబూలాల రోజున అందరి ముందూ అన్నంత పనీ చేశాడు. గంగాలమ్మ కొడుకు చెంప పగలగొట్టింది.

"నీకు నౌకరీ ఏయించినోడి కూతుర్నే కాదంటావేట్రా?" అని శోకాలు పెడుతూ, పెద్దదై ఉండి తమ్ముడి కాళ్ల మీద పడబోయింది. తాతబాబు ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆపాడు. మేనల్లుడికిచ్చిన మాట తప్పలేక, "ఊరుకో అక్కా" అని మాత్రం అన్నాడు.

జనం వెళ్లిపోయాక సాయిదుర్గ తండ్రి పక్కన వచ్చి కూర్చుంది.

"నాన్నా, నాలో తప్పేటి?"

"నీలో ఏ తప్పూ లేదమ్మా."

"పోనీ, బావదా?"

"ఆడిదీ కాదు."

"మరెవరిది నాన్నా?"

ఓడంతా నవ్వించిన తాతబాబు తలవంచుకుని, ఆనాడు పెట్టెలో వెతికినట్టే, ముందున్న తాంబూలాల పళ్లెంలో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.