మొదటి నీళ్ళు వాళ్ళవి

దయ్యాల సంగతులు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. పవర్ ప్లాంటులో ఇరవై రెండేళ్ళుగా మీటర్లు చూసే ఉద్యోగం నాది. ముల్లు ఎక్కడ నిలిస్తే అదే నిజం అనుకునే మనిషిని. ఇప్పుడు రాసేది కూడా దయ్యం కథని నేననడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది రాయచూరు దగ్గర చిక్కసూగూరు. మూడేళ్ళ కింద మా ప్లాంటులో బాయిలర్ మరమ్మతుకు లిన్ అనే చైనా ఇంజనీరు వచ్చి, మా మేడ మీది గదిలో ఐదు నెలలు అద్దెకున్నాడు. యాభై దాటిన మనిషి, మెతక. తనతో ఒక రేకు డబ్బా నిండా ఊలాంగ్ టీ తెచ్చుకున్నాడు. బొగ్గు సెగ మీద గంటలకొద్దీ కాల్చిన ఆకు. నల్లగా, మెలిపెట్టినట్టు ఉండేది. అందులో పాలు లేవు, చక్కెర లేదు.

అతను టీ చేసే తీరు చూసి మేం నవ్వుకునేవాళ్ళం. ఆకు మీద మరిగే నీళ్ళు పోస్తాడు. ఆ మొదటి నీళ్ళు మాత్రం తాగడు, గడప బయట నేల మీద పోసి వస్తాడు. రెండోసారి పోసినవే తాగుతాడు.

మా నాయన నవ్వలేదు. కల్లు తాగే రోజుల్లో ముందు నేలతల్లికి సాక పోసి తాగిన మనిషి ఆయన. కల్లు మానేశాక ఛాయ్‌కీ అదే అలవాటు. రెండు చుక్కలు కింద వదలందే గ్లాసు నోటికి పెట్టడు. బండల మీద మరకలని నా భార్య పద్మ గొణుక్కుంటూ తుడిచేది. "గీయన మనోడేరా," అన్నాడు నాయన, లిన్‌ను చూసి. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ సాయంత్రాలు పక్కపక్కన కూర్చునేవాళ్ళు.

ఒకరోజు లిన్ ఫోన్‌లో తర్జుమా చేసి ఒక కథ చెప్పాడు. ఆ టీ పెరిగే రాతి కొండల గుహల్లో చావు లేని తావో సాధువులు ఉంటారట. ఇద్దరు ముసలివాళ్ళు చెక్క పలక మీద రాళ్ళు పెడుతూ ఆడుకుంటుంటే, ఒక కట్టెలవాడు కాసేపు నిలబడి చూశాడట. వెళ్దామని గొడ్డలి అందుకుంటే దాని కామ పుచ్చిపోయి ఉంది. ఊళ్ళో అతన్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. మొదటి నీళ్ళు ఆ ముసలివాళ్ళ వాటా అనీ, అది తాగినవాణ్ణి ఆట చూడ్డానికి కూర్చోబెట్టుకుంటారనీ లిన్ నాయనమ్మ చెప్పేదట. అతనూ నవ్వుతూనే చెప్పాడు. వెళ్ళేటప్పుడు మిగిలిన టీ డబ్బా నాయన చేతిలో పెట్టాడు.

కిందటి ఎండాకాలానికి నాయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆక్సిజన్ మెషిన్ మంచం పక్కన పెట్టాం. కరెంటు పోతే దానికి అలారం మోగుతుంది. వెంటనే పైపు తీసి సిలిండర్‌కు తగిలించాలి. ఒక్క నిమిషం పని. ఊళ్ళకు కరెంటు చేసి పంపేది మేమే, మా ఇంట్లోనే కరెంటు నిలవదు. దీపం కిందే చీకటి. అందుకని ఎవరో ఒకరం ఎప్పుడూ మెలకువగా ఉండేవాళ్ళం.

ఆ రోజు పద్మ మాన్విలో చెల్లెలి ఇంటికి వెళ్ళింది, ఆరింటికల్లా వస్తానని. నేను రాత్రి డ్యూటీ చేసి వచ్చి, ఒంటిగంట దాకా నిద్రపోయి లేచాకే ఆమె బండలు తుడిచి బయల్దేరింది. రెండింటికి లిన్ టీ చేసుకున్నాను. డబ్బాలో ఆఖరి ఆకు. మాడిన పుట్నాల వాసన వేసింది. నాయన మాస్కు పక్కకు జరిపాడు.

"ముందుగాల జర కింద పొయ్యి, బిడ్డా."

"బండలు ఇప్పుడే తుడిచింది నాయనా. జర ఊకో," అని కసిరాను. అంత చిక్కటి నీళ్ళు పారబోయడానికి మనసూ రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆయనతో నా ఆఖరి మాట అదే.

ఒక్క గుక్క తాగాను. ఎక్కడో టక్కుమంది, చెక్క మీద రాయి పెట్టినట్టు. పక్కింట్లో క్యారమ్స్ ఆడుతున్నారనుకున్నాను. మళ్ళీ ఎప్పుడు వినిపిస్తుందా అని చెవి ఒగ్గాను. చాలాసేపటికి ఇంకోసారి టక్కుమంది. రెండో గుక్క తాగాను. కళ్ళు మూయలేదు, కునుకు పట్టలేదు. అది మాత్రం ఎక్కడైనా ఒట్టేసి చెబుతాను.

పద్మ నా భుజం పట్టి కుదిపింది.

"మామ పానం పోయింది! నువ్వు ఛాయ్ తాక్కుంట కూసున్నవా?"

గోడ గడియారంలో ఆరుంబావు. ఫోన్‌లో ఆమెవి నాలుగు మిస్డ్ కాల్స్. కరెంటు రెండుంబావుకే పోయిందని లైన్‌మన్ తర్వాత చెప్పాడు. అలారం తనకు వినిపించిందని, నేను ఇంట్లోనే ఉన్నానని తాను ఊరుకున్నానని పక్కింటావిడ ఏడ్చింది. గోడ అవతలికి వినిపించింది. నాలుగడుగుల దూరంలో ఉన్న నాకు వినిపించలేదు. నిండు సిలిండర్ గోడకు ఆనించి అలాగే ఉంది.

డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి మూడు గంటలు దాటిందన్నాడు. డ్యూటీ అలసటతో నిద్రపోయి ఉంటావన్నాడు. నేనూ ఒప్పుకునేవాణ్ణే. కానీ నన్ను కుదిపినప్పుడు నా చేతిలోంచి గ్లాసు లాక్కోబోయిన పద్మ, కాలి వదిలేసింది. ఆమె వేళ్ళు కందిపోయాయి. రెండింటికి చేసిన టీ ఇంకా పొగలు కక్కుతోంది.

ఇంకొకటి ఉంది. నాయన మంచం పక్కన నేల మీద ఆయన నీళ్ళ గ్లాసు ఖాళీగా ఉంది. దొర్లిపోలేదు, నిలబెట్టి ఉంది. అక్కడినుంచి నీళ్ళు సన్నటి ధారగా నా కుర్చీ దాకా వచ్చాయి. నేను పోయనిది ఆయన పోశాడు, నా కోసమే పోశాడు. అంతవరకు నాకు అర్థమైంది. కానీ మే నెలలో మా రాయచూరు వేడికి బండ మీది నీళ్ళు పావుగంట నిలవవు. పద్మ లోపలికి వచ్చేటప్పుడు ఆ తడి మీదే కాలు జారింది. నాయన వేళ్ళు అప్పటికే బిగుసుకుపోయి ఉన్నాయి.

ఆ నీళ్ళు ఎప్పుడు పోశాడో, ఎట్లా పోశాడో నాకు ఈ రోజుకీ తెలియదు. ఏ మీటరూ చెప్పలేదు.

పద్మ రోజూ ఛాయ్ గ్లాసు నా ముందు పెట్టి ముఖం తిప్పుకుంటుంది. నేను రెండు చుక్కలు కింద వదులుతాను. ఆ మరకలు ఇప్పుడు ఆమె తుడవడం లేదు.