గీతల బండలు

నిన్న పొద్దున పేపర్లో, మన దేశంలో మెట్రో రైళ్ళు ఎన్ని ఊళ్ళకు పాకినాయో, ఇంకా ఏయే ఊళ్ళకు వస్తాయో, కొన్నిచోట్ల ట్రాముల్లాంటి చిన్న రైళ్ళు కూడా వేస్తారని పెద్ద వార్త వేస్తే, కాఫీ చల్లారేదాకా చదువుతూ కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి, మన బేతంచెర్లకేమన్నా వస్తాందా, అంత మురిసిపోతాండావు అని ఎత్తిపొడిచింది. రాకపోతే పోయె, ఢిల్లీలో ఒక స్టేషను నేల మీద నా చెయ్యి పడిందని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఆనదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మా పెదనాయన బండలు పరిచే మేస్త్రీ, ఆయన కింద మేము ఎనిమిది మందిమి. నాపబండలకు పేరుపడిన మా బేతంచెర్లలో పుట్టినవాడికి నేల నున్నగా ఉండడమే గొప్ప. అరచేత్తో నిమిరితే ఎక్కడా తగలకూడదు, వంగితే మొహం కనపడాల. ఢిల్లీలో కొత్తగా కడుతున్న మెట్రో స్టేషనులో పని దొరికినప్పుడు పెదనాయన, కర్నూలు సాయిబుల దగ్గర నేర్చిన ఉర్దూ ముక్కలతో, మా పనికి వంక దొరికితే ఆ రోజే మూట సర్దుకుంటామని అక్కడి ఇంజనీరమ్మకు మాటిచ్చినాడు.

నేలంతా అయినాక, ప్లాట్‌ఫారం పొడుగునా వేయమని గీతలూ బొడిపెలూ ఉన్న బండలు ఇచ్చినారు. ఎందుకో మేము అడగలేదు. పరిచినాక చూస్తే, అద్దంలాంటి నేల నడుమ గరగరలాడే ఆ వరస నాకు కంట్లో నలుసైపోయింది. పాలిష్ చెయ్యకుండానే పంపినారు పాపం అనుకొని, మరుసటి రోజు మిషను పెట్టి ఇరవై బండలదాకా నున్నగా అరగదీసినాను. పెదనాయన నిమిరి చూసి శభాష్‌రా అన్నాడు కూడా!

ఇంజనీరమ్మ వచ్చి నెత్తి పట్టుకుంది. రైలు మొదలవడానికి ఇంక ఐదు రోజులే. ఆమె పెదనాయన కళ్ళకు రుమాలు కట్టించి, చెప్పులు విప్పించి, మంచి బండల మీద నిలబెట్టి నడవమంది. పొడుగు గీతలు పాదానికి తగులుతుంటే ఆయన తిన్నగా నడిచినాడు, నేను నున్నగా చేసిన చోటికి వచ్చేసరికి దారి తప్పి అంచు వైపు తిరిగినాడు. ఆమె రెక్క పట్టుకోకపోతే పట్టాల మీద పడేవాడే. గీతలు తగిలితే నడవాల, బొడిపెలు తగిలితే ఆగాల, ఇది చూపులేనివాళ్ళ దారి అని అప్పుడు చెప్పిందామె. ఆ దారిని నా చేత్తో నేనే చెరిపేసినానని తెలిసి సిగ్గుతో చచ్చిపోయినాను.

పెదనాయన మాటకు కట్టుబడి మూటలు సర్దమన్నాడు. ఇంజనీరమ్మ మాత్రం, పోతే ఈ తప్పు ఎవరు దిద్దుతారు, రైలు వచ్చేలోపల మీరే మళ్ళీ వేసి చూపించండి అని గద్దించింది. ఆ ఇరవై బండలూ పెళ్ళగించి, అన్నం కూడా అక్కడే తింటూ కొత్తవి వేసినాము. ఒక్కోదాన్నీ పెదనాయన ఉత్తకాళ్ళతో, కళ్ళు మూసుకొని తొక్కి చూసినాడు.

రైలు మొదలైన రోజు మావాళ్ళంతా ఊరికి బయలుదేరినా ఆయన కదల్లేదు, చూపులేని మనిషొకడు నడిస్తే చూసిపోదాం ఉండరా అన్నాడు. టికెట్లు కొని లోపల నిలబడినాము. అబ్బా, ఏం రైలది! సప్పుడు లేకుండా వచ్చి, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాంటే నేను నోరు తెరిచి చూస్తాండాను, పెదనాయన మాత్రం నేల మీదినుంచి చూపు తిప్పలేదు. అన్నం వేళ దాటినాక ఒకాయన కర్ర తట్టుకుంటూ వచ్చినాడు. మేము మళ్ళీ వేసిన చోటికి రాగానే పెదనాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆయప్ప ఒక్క అడుగు తడబడకుండా పోయి, బొడిపెలు తగలగానే ఆగి, రైలు రాగానే ఎక్కి వెళ్ళిపోయినాడు. పెదనాయన ముక్కు చీదుకొని, ఇంక ఊరికి పోదాం పారా అన్నాడు.

ఇప్పుడు పెదనాయన లేడు. టైల్స్ వచ్చి మా బండలను అడిగేవాళ్ళు తగ్గినారు, మా జట్టు తలోదిక్కయింది. మెట్రోలు మాత్రం ఎన్ని ఊళ్ళకు వచ్చినాయి! ఆ గీతల వరస లేని స్టేషను నేనింతవరకు చూడలేదు, అది తలపెట్టినవాళ్ళకు చేతులెత్తి మొక్కాల. హైదరాబాదుకో బెంగుళూరుకో పోయినప్పుడు, ఫోన్లో తల దూర్చి ఆ వరస మీదే నిలబడినవాళ్ళు కనబడితే, కొంచెం పక్కకు జరుగప్పా అంటాను. ఎందుకని అడక్కుండానే జరుగుతారు. ఇప్పుడు నాకు మిగిలిన మేస్త్రీ పని అదొక్కటే.