పాల మీద కన్ను, మంట మీద చెయ్యి

మా కంపెనీ క్యాంటీన్‌లో పాలు పొంగి స్టవ్ మీద పడ్డప్పుడల్లా ఆ మాడు వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం బీరంగూడలో ఓ కిరాణా దుకాణం మీది గది, అందులో చేతులు కొంగులో చుట్టుకుని కూర్చున్న విమలక్క గుర్తొస్తుంది. ఆమె పోయి ఏడాది దాటింది. ఇంగ్లీషు నేర్పిన మనిషిని మాడిన పాల వాసనతో తలచుకోవడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, ఫర్వాలేదు. ఆమె ఉంటే ఆమే ముందు నవ్వేది.

అప్పుడు నేను జిన్నారం అవతల ఓ మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. ఉన్నట్టుండి ఆ ల్యాబును వేరే రాష్ట్రానికి మార్చేస్తున్నామని చెప్పారు. ఇక్కడే ఉండాలంటే ప్రొడక్షన్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జి ఇంటర్వ్యూ నెగ్గాలి. ఇంటర్వ్యూ చేసేది ముంబయి నుంచి వచ్చే పెద్దాయన, ఆయనకు తెలుగు రాదు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు, నోరు తెరవడమే రాదు. ఆ ఉద్యోగం రాకపోతే నా అద్దె గది ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోవాలి. సొంతంగా బతకడం రుచి మరిగినదాన్ని, ఆ ఆలోచనకే నాకు అన్నం సహించేది కాదు.

విమలక్క ఆ దుకాణం సేటు గారి భార్య. పెళ్లికి ముందు ఇంగ్లీషులో ఎమ్మే చేసింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత గిరాకీ పలచబడ్డాక, పైగదిలో ఫ్యాక్టరీ వాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేది. మొదటిరోజు నేను కొత్త పుస్తకం, పెన్ను పట్టుకుని వెళ్లాను. ఆమె వాటిని పక్కన పెట్టించి, మూలనున్న గ్యాస్ స్టవ్ మీద టీకి పాలు పెట్టింది.

"సుజాతా, నువ్వు పాలు చూడు. స్టవ్ ముట్టొద్దు," అంది. బీహార్ నుంచి వచ్చిన మనోజ్ అనే వెల్డర్‌ను పిలిచి, స్టవ్ నాబ్ పట్టుకుని గోడవైపు తిరగమని, పాలను చూడవద్దని హిందీలో చెప్పింది.

"మరి ఎప్పుడు తగ్గియ్యాల్నో ఆయనకెట్ల తెలుస్తది అక్కా?"

"నువ్వు చెప్తె తెలుస్తది. ఆయనకు తెలుగు రాదు, నీకు హిందీ అంతంత మాత్రమే. ఇగ ఇంగ్లీషే దిక్కు!"

పాలు అంచుకు లేస్తున్నాయి. "సార్, మిల్క్ ఈజ్ కమింగ్!" అని అరిచాను. "ఫ్రమ్ వేర్?" అని మనోజ్ గోడకేసి చూస్తూనే మర్యాదగా అడిగాడు. అప్పటికే పాలు స్టవ్ మీదుగా కిందికి కారుతున్నాయి. విమలక్క లేవనైనా లేవలేదు. "ఇయ్యాల చాయ్ లేదు. రేపు చూద్దాం," అంది.

అలా మొదలైంది నా ఇంగ్లీషు. 'కీప్ యాన్ ఐ ఆన్' అనే మాట మర్నాడు చెప్పింది. "కన్ను పాల మీద పెట్టుడేంది అక్కా, తీసి పెడ్తరా?" అన్నాను. "మనం కన్నేసి ఉంచు అంటం గద, నువ్వు ఎన్నిసార్లు తీసి ఏసినవ్?" అంది. పుట్టినప్పటి నుంచి అంటున్న మాట, ఒక్కసారైనా ఆగి చూడలేదు. ఆ రోజు నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. కంపెనీ బస్సులో కూర్చుని ఇంగ్లీషు మాటకు తెలుగు మాటను, తెలుగు మాటకు ఇంగ్లీషు మాటను జోడీ కట్టేదాన్ని. ఎవరైనా వెనకే నిలబడి పని చేయిస్తుంటే ఇంగ్లీషువాళ్లు మెడ మీద ఊపిరి వదులుతున్నాడంటారట. మనం నెత్తి మీద కూర్చున్నాడంటాం. వాళ్లకు మెడ, మనకు నెత్తి ఎందుకైందో ఇప్పటికీ నాకు తెలియదు.

'కీప్ ట్యాబ్స్ ఆన్', అంటే ఎవరేం చేస్తున్నారో ఎప్పటికప్పుడు కనిపెట్టి ఉండటం, చెబుతున్నప్పుడు ఆమె ఫోన్ మోగింది. సేటు గారు సరుకు కోసం పటాన్‌చెరు వెళ్లి, అక్కడి నుంచే దుకాణంలో పెట్టించిన కెమెరాను ఫోన్‌లో చూస్తున్నారు. "కౌంటర్ కాడ ఎవ్వరు లేరేంది?" అన్న ఆయన గొంతు మా అందరికీ వినబడింది. విమలక్క ఫోన్‌ను మా వైపు తిప్పి, "గిదే," అంది. అందరం పగలబడి నవ్వాం. ఎందుకు నవ్వుతున్నారో తెలియక, అవతల సేటు గారు కూడా నవ్వారు.

ఆమెకు కోపం రావడం ఒక్కసారే చూశాను. ఆ రోజూ పాల కాపలా నాదే. పాలు లేస్తున్నాయి, నేను చెప్పాను, మనోజ్ నిదానంగా తిప్పుతున్నాడు. ఉండబట్టలేక అతని చేతిని తోసి నేనే నాబ్ తిప్పేశాను. పాలు నిలిచాయి. మెచ్చుకుంటుందని తలెత్తి చూస్తే, ఆమె వచ్చి స్టవ్ పూర్తిగా ఆపేసింది.

"చెయ్యెందుకు పెట్టినవ్?"

"పొంగుతున్నయ్ గదక్కా!"

"పొంగితె పాలే గద పోతయ్!" అంది. కాసేపటికి మెత్తబడి చెప్పింది. "నేను కొత్త కోడలిగ వచ్చినప్పుడు దుకాణంల పప్పు జోకుతుంటె మా అత్తమ్మ పక్కన నిలబడి చూసేది. చూసుడు మంచిదే. కని తరాజు జెర ఒంగంగనే నా చేతులకెళ్లి గుంజుకొని తనే జోకేది. ఏండ్లు గడిచినా నాకు జోకుడు రాలే. ఆమె మంచాన పడ్డంక, గిరాకీ ముంగట నా చేతులు వణికినయ్. అందరు చూస్తుండ్రు. గంత పెద్ద చదువు చదివి పావుకిలో పప్పు జోకరాదాయె."

నవ్వుతూనే చెప్పింది కానీ నాకు నవ్వు రాలేదు.

"చూపు నీది, చెయ్యి ఆయనది. నడుమల ఉండేది మాట. గా మాట కోసమే గద నువ్వు నా దగ్గరికి వచ్చింది?"

మర్నాడు మళ్లీ స్టవ్ దగ్గర నేనూ మనోజే. "నాట్ యెట్... నౌ, మనోజ్. టర్న్ ఇట్ డౌన్. ఎ లిటిల్ మోర్," అన్నాను. పాలు గిన్నె అంచుదాకా వచ్చి అక్కడే ఆగాయి. అప్పుడు తిరిగి విమలక్కను చూశాను. కొంగులో ఆమె వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. ఆమె తీరిగ్గా కూర్చోలేదని, చెయ్యి పెట్టకుండా తనను తాను ఆపుకుంటోందని ఆనాడు అర్థమైంది. ఆ టీలో చక్కెర ఎక్కువైనా, అంత మంచి టీ నేను మళ్లీ తాగలేదు.

ఇంటర్వ్యూలో ముంబయి పెద్దాయన, మనుషులను ఎలా అదుపులో పెడతావని అడిగాడు. నా ముందు వెళ్లినవాళ్లు పగ్గాలు బిగించి పట్టుకుంటామని చెప్పి వచ్చారు. నాకు మా నాన్న నాగలి గుర్తొచ్చింది. పగ్గం మరీ బిగిస్తే ఎద్దు నడక చెడుతుందని రైతు బిడ్డగా నాకు తెలుసు. "రియాక్టర్ మీద కన్ను నాది సార్, వాల్వ్ మీద చెయ్యి ఆపరేటర్‌ది. నేను చెబుతాను, అతను తిప్పుతాడు," అని ఇంగ్లీషులో చెప్పాను.

"వేళకు తిప్పకపోతే?"

"ముందు నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను. ప్రమాదమనిపిస్తే అంతా ఆపేస్తాను. అతని చేతిలోంచి మాత్రం లాక్కోను."

ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. కిరాణా దుకాణంలో అన్నాను. ఉద్యోగం వచ్చింది. పాల ప్యాకెట్లు పట్టుకుని బీరంగూడకు పరుగెత్తాను. వచ్చిందా రాలేదా అని ఆమె అడగనే లేదు. "ఏమడిగిండు? నువ్వు ఏ మాట వాడినవ్?" అంటూ ప్రతి మాటా మళ్లీ చెప్పించుకుంది.

మొన్న మా షిఫ్ట్‌లోకి యాదగిరన్న కొత్తగా వచ్చాడు. వేరే యూనిట్‌లో చాలాకాలం చేసిన మనిషే, కానీ మా వాల్వులు ఆయన చేతికింకా అలవాటు కాలేదు. మందులు ఉడికే రియాక్టర్‌ను చల్లార్చే నీళ్ల వాల్వ్ దగ్గర ఆయన తడబడుతుంటే తెర మీద వేడి అంకె మెల్లగా పైకి పోతోంది. ఇంకా ప్రమాదమేమీ లేదు. అయినా నా చెయ్యి దానంతటదే ముందుకు లేచింది. రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకున్నాను.

"యాదగిరన్నా, జెర తెరువు... ఇంకొంచెం... ఆఁ, చాలు."

అంకె ఆగింది. కాసేపు అక్కడే ఉండి, దిగడం మొదలుపెట్టింది. ఆయన నుదుటి చెమట తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"గింత ఉక్కపోతల జేబులల్ల చేతులేంది మేడం? సలి పెడుతుందా?"

"అలవాటన్నా," అన్నాను. జేబుల్లో నా వేళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి.