మైకాయన పోగొట్టుకున్న పేరు

మా వీధిలో మైకాయన అంటే పాతికేళ్లుగా ఒక్కడే. సభ మధ్యలో ఆయన యాంప్లిఫయర్ ఆగిందన్న మాట ఎవరూ వినలేదు. ప్రతి వైరూ తనే అతుకుతాడు, అతికాక గట్టిగా లాగి చూస్తాడు. వక్తలకు తమ మాటల్ని అలా లాగి చూసుకునే అలవాటు ఉంటే సగం సభలు జరిగేవి కావు.

ఆ ఆదివారం కాలనీ సంఘం ‘సైనికుల పిల్లలకు అండగా మనం’ అని సభ పెట్టింది. కాలనీ మొత్తానికి సైనికుడి పిల్ల ఒక్కతే. తొమ్మిదేళ్లది, మూడేళ్లలో మూడో బడి. అండగా నిలిచేవాళ్లు మాత్రం పదకొండుమంది, అందరూ వేదిక మీద కుర్చీల్లో కూర్చునే నిలిచారు. పిల్ల చివరి కుర్చీలో, కాళ్లు నేలకు అందక, పూలదండలో మునిగిపోయింది.

తండ్రి వారానికొక్కసారి, ఆదివారం అయిదింటికి ఫోన్ చేస్తాడనీ, పది నిమిషాలే మాట్లాడనిస్తారనీ తల్లి ముందే చెప్పింది. అందుకే సభ నాలుగింటికి పెట్టారు. అధ్యక్షుడు నాలుగున్నరకు వచ్చాడు.

అయిదు కావస్తుంటే తల్లి ఫోన్ పట్టుకుని వేదిక పక్కకు వచ్చింది.

“ఒక్క నిమిషం ఆగమ్మా,” అన్నాడు కార్యదర్శి. “మీ గురించే చెబుతున్నారు.”

“ఈ పాపకు తండ్రి లేని లోటు తెలియనివ్వం,” అంటున్నాడు అధ్యక్షుడు. అప్పుడే తల్లి చేతిలో ఆ తండ్రి నుంచి ఫోన్ మోగింది. పిల్ల లేవబోయింది. కోశాధికారి ప్రేమగా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

మైకాయన చెయ్యి యాంప్లిఫయర్ వెనక్కి వెళ్లింది. మైకు మూగబోయింది.

“ఏమైందయ్యా?” అన్నాడు అధ్యక్షుడు.

“ఫ్యూజు పోయిందండీ. పది నిమిషాలు పడుతుంది.”

“నీ సెట్టు ఎప్పుడూ ఆగదన్నావుగా?”

“గొప్పలకు పోయానండీ. మీరు మైకు లేకుండా కానివ్వండి.”

“గొంతు పట్టేస్తుందయ్యా.”

మైకాయన పిల్ల వైపు తిరిగాడు. “పాపా, ఇలా రామ్మా, టార్చి పట్టుకుందువుగాని.” పట్టపగలు టార్చి ఎందుకని పదకొండుమందిలో ఒక్కరూ అడగలేదు. స్పీకర్లకు గీతలు పడకుండా కప్పే బొంతలు పక్కనే ఆపిన తన వ్యానునిండా ఉన్నాయి. తల్లీబిడ్డల్ని అందులో కూర్చోబెట్టి తలుపు వేశాడు. వీధిలో అంత నిశ్శబ్దమైన చోటు మరొకటి లేదు.

తర్వాత, చెడని యాంప్లిఫయర్‌ను అందరి ముందూ విప్పాడు. ఆయనకు అది ప్రాణం మీదికొచ్చినంత పని.

“వచ్చేసారి పక్కవీధివాణ్ని పిలుద్దాం,” అన్నాడు కార్యదర్శి, వినపడేలా.

“పిలవండి సార్.”

“అయిందా ఇంతకీ?”

వ్యానులోంచి పిల్ల నవ్వు వినిపించింది. మైకాయన బిగించిన స్క్రూను మళ్లీ వదులు చేశాడు.

“ఇంకొక్కటి ఉందండీ.”