మా మెట్టలో గెడ్డ రాళ్లు

మా చిన్నప్పుడు... గజపతినగరం దగ్గర మా ఊళ్లో ఎవరు నుయ్యి తవ్వించాలన్నా ముందు మా తాత అప్పలస్వామిని పొలానికి తీసుకెళ్లేవాళ్లు. తాత చేతిలో గునపం, ఆయన వెనకాల నేను. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తల దించుకుని నడిచేవాడు. నున్నటి గుండ్రాళ్లు కనబడితే ఆగేవాడు.

"ఇది నీళ్లలో దొర్లిన రాయే పైడీ. ఒకప్పుడు ఇటేపు గెడ్డ పారీది" అనేవాడు.

గెడ్డ అంటే మా వైపు వాగు. పాత గెడ్డ పారిన చోట కింద ఇసక ఉంటుంది, ఇసకలో ఊట ఉంటుంది... అదీ ఆయన లెక్క. అయితే పైన రాయి చూసి మాట ఇచ్చేవాడు కాదు. మోకాలి లోతు తవ్వి, కింద కూడా అలాంటి రాళ్లే ఉంటేనే "తవ్వించీండి" అనేవాడు. ఆ మాటకి ఊళ్లో తిరుగులేదు.

ఒక వేసవి సెలవుల్లో నేను మా మెట్ట చేలో, జీడిమామిడి చెట్ల పక్కన, ఆటకి ఒక గెడ్డ కట్టాను. అసలు గెడ్డలోంచి రాళ్లు పావడా ఒళ్లో మోసుకురావడం, పొడుగ్గా పరవడం, చెంబుతో నీళ్లు పోయడం... నెల రోజులు అదే పని. పావడా చిరిగిందని అమ్మ నా వీపు విమానం మోత మోగించింది కూడా. బడి తెరిచాక అంతా మర్చిపోయాను. వానలకి మట్టి కొట్టుకొచ్చి రాళ్లు సగం పూడిపోయాయి.

మరుసటి ఏడు అవి తాత కంట పడ్డాయి.

చోళ్లు, ఉలవలు తప్ప ఇంకేమీ పండని నేల మాది. ఊరందరి నూతులూ చూపించిన మనిషికి సొంత నుయ్యి లేదు. ఆ రోజు ఆయన గునపం నేలలోకి దించనే లేదు. గబగబా ఇంటికొచ్చి "మన సేలోనే గెడ్డ ఉన్నాదే!" అని నాయనమ్మతో చెప్పాడు.

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆ రాళ్లు నేను తెచ్చినవని చెప్పాలి... నోరు రాలేదు. తాత అంత సంబరపడటం నేనెప్పుడూ చూడలేదు.

మూడు నిలువుల లోతు తవ్వారు. తవ్వకానికి వచ్చిన తాత బామ్మర్ది పైకొచ్చి, "రాయి తగిలీసినాది బావా. తడి కూడా లేదు" అన్నాడు.

"సొంత సేలో సూడనేనోడు మన సేలో ఏటి సూస్తాడు?" అనుకున్నారు ఊళ్లో. తాతని పిలవడం మానేశారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే మనిషిని పక్క ఊరి నుంచి తెచ్చుకునేవాళ్లు. తాత ఎవర్నీ ఏమీ అనలేదు. నేనూ నోరు విప్పలేదు.

తర్వాత జియాలజీ చదివాను. ఇప్పుడు నా ఉద్యోగం అంగారకుడి నేల ఫొటోలు చూడటం. అక్కడి రాయిని గాలి అరగదీసిందా, నీళ్లు దొర్లించాయా అని తేల్చడం. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, రోజంతా కుర్చీలో కూర్చుని రాళ్ల అంచులు కొలవడమే. నడుం నొప్పి అదనం.

ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక ఫొటో తాతకి ల్యాప్‌టాప్‌లో చూపించాను. గుండ్రటి గులకరాళ్లు. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"గెడ్డే" అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. ఏడుస్తూ చిన్నప్పటి సంగతంతా చెప్పేశాను.

"తెలుసే" అన్నాడు తాత. "తవ్విన రెండోరోజే తెలిసిపోనాది. పైనే రాళ్లు, కింద ఒక్కటీ లేదు. నువ్వు మోసుకొచ్చినవని తెల్దా ఏటి?"

"మరి ఊళ్లో చెప్పలేదేం తాతా?"

"సెప్తే నీళ్లొస్తాయేటి? నిన్ను ఆడిపోసుకుందురు. అయినా తప్పు నాదే. ఊరోళ్ల సేలో తవ్వి సూసినోణ్ని, నా సేలో సూడలేదు. తెలిసినాక కూడా తవ్వించినాను... ఆశ."

తాత పోయి కొన్నేళ్లయింది. అంగారకుడి మీద నీళ్ల జాడ దొరకాలని మా ఆఫీసులో అందరికీ ఆశే, నాకూ ఆశే. అందుకే మనసు బాగా లాగిన ఫొటో దగ్గర నేను ఇంకొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను.

ఇప్పుడు మా ఊళ్లో బోరు బండి వస్తోంది. ఒక్క పూటలో తేలిపోతుంది. నీళ్లు పడకపోయినా ఎవరి పరువూ పోదు.

మీరు చేసిన తప్పుకి తాను మాట పడి, మీకు తెలియనివ్వని మనిషి మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయండి... కానీ ముందు ఆ మాట వాళ్లకి చెప్పండి.