అగరబత్తి బిల్డింగులో మతిమరుపు

అచ్యుతరామయ్యగారు మరిచిపోవడానికే ఇంట్లోంచి బయటికి వచ్చేవారు.

ఫిల్మ్ నగర్ కొండవాలులో మా బిల్డింగు. తొంభైల మొదట్లో కట్టారు. స్థలం ఇరుకు, బిల్డరు ఆశ పెద్దది. అంతస్తుకు ఒకే ఇల్లు చొప్పున పన్నెండు అంతస్తులు నిలబెట్టాడు. లోపలంతా పాలరాయి. బాల్కనీలోంచి చూస్తే గోల్కొండ. రహమత్ నగర్ నుంచి పనికి వచ్చేవాళ్లకు మాత్రం అది అగరబత్తి బిల్డింగు. అంత సన్నటి చోట ఒక్క లిఫ్టే పట్టింది. దానికి మూడు వైపులా అద్దాలు, పక్కన ఒక బోర్డు: ‘పనివారు మెట్లు వాడవలెను. ఇంటివారు వెంట ఉన్నచో లిఫ్టు ఎక్కవచ్చును.’

రామయ్యగారు పన్నెండో అంతస్తులో కూతురు లీలాకుమారి దగ్గర ఉండేవారు. ఆమె ఒకప్పటి హీరోయిన్. వాళ్ల కింద ఇల్లు మాది. పొద్దున్నే ఆయన కిందికి దిగి కళ్లజోడు అక్కడే మరిచి పైకి వచ్చేవారు. కళ్లజోడు కోసం దిగి గొడుగు మరిచేవారు. గొడుగు కోసం దిగి, గొడుగు తెచ్చుకుని, చెప్పులు మరిచేవారు.

“చెప్పులెలా మరిచిపోతారండీ, కాళ్లకే ఉంటాయిగా?” అని ఒకసారి అడిగాను.

“కాళ్లు తెచ్చుకున్నాను కదండీ,” అన్నారు తృప్తిగా.

లీలాకుమారి బెంగ పడేది. “నాన్నా, డాక్టరుకు చూపిద్దాం.”

“చూపించుకున్నానమ్మా. ఏమన్నాడో మరిచాను.”

వింత ఏమిటంటే, ఆయన మద్రాసులో ముప్పై ఏళ్లు ప్రాంప్టరు. కెమెరాకు అందని మూల నిలబడి, డైలాగు రాని నటులకు మాట అందించడం ఆయన పని. పాత సినిమాల్లో ఏ సీను అడిగినా దగ్గుతో సహా అప్పజెప్పేవారు. ఆయన ఎక్కువగా మాట అందించింది సూర్యప్రకాశరావుగారికి. జమీందారు వేషాలకు రావుగారు పెట్టింది పేరు. డైలాగు మాత్రం ఒక్కటీ నోటికి వచ్చేది కాదు. వెనక నుంచి రామయ్యగారి గొంతు వినిపిస్తే చాలు, ముందు ఉరిమేవారు, అర్థం తర్వాత తెలుసుకునేవారు. ఆ రావుగారే మా అసోసియేషన్ సెక్రటరీ. లిఫ్టు పక్కన బోర్డు ఆయన పెట్టించిందే.

ఆ ఎండాకాలం లిఫ్టు మోటారు కాలింది. బాగు చేయించాక రావుగారు రామయ్యగారిని నిలదీశారు.

“రామయ్యా, లిఫ్టు నీ ఒక్కడి కోసం పెట్టలేదయ్యా. ఆదివారం మీటింగులో తేలుస్తాను. ఇక నువ్వు కిందికి దిగడానికి లేదు.”

“తప్పకుండానండీ. నాకు కాస్త గుర్తు చెయ్యండి.”

శనివారం రామయ్యగారికి జ్వరం వచ్చి మంచం దిగలేదు. మా పనిమనిషి కొమురమ్మ ఆలస్యంగా వచ్చి గుమ్మంలోనే కూలబడింది. మోకాళ్ల నొప్పుల మనిషి.

“ఏంది సార్, ఇయ్యాల పెద్దసారుకు మతిమరుపు రాలేదా?”

“వస్తే నీకేమిటి?”

“ఆయన మర్చిపోతేనే కద నేను లిఫ్టెక్కేది. ఇంటోళ్లు ఎంట ఉండాలె అని రాసిండ్రు. నేనొచ్చే యాళ్లకు చెప్పులు మర్చిపోతడు. తొమ్మిదో అంతస్తుల పనిజేసే రాజమ్మ యాళ్లకు గొడుగు. రేపటిసంది ఆయనను దిగనియ్యరంట. గిన్ని మెట్లెక్కుడు నాతోని కాదు సార్. పని ఇడిచిపెడ్త.”

మంచినీళ్లు ఇచ్చాను. ఆమె తాగుతుంటే ఇన్నాళ్లూ మరిచిన చెప్పులన్నీ ఒక్కొక్కటిగా నాకు అర్థమయ్యాయి.

ఆదివారం అందరూ కింద హాల్లో చేరారు. రామయ్యగారు శాలువా కప్పుకుని వచ్చి, సెక్రటరీ కుర్చీ వెనక స్తంభం చాటున కూర్చున్నారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

రావుగారు లేచారు. “ఇకపై అచ్యుతరామయ్యగారు...” అని ఆగారు. ఆగడం ఆయనకు అలవాటు.

“మరిచిన వస్తువుల కోసం కిందికి దిగరాదు,” అంది స్తంభం చాటు నుంచి మెత్తని గొంతు.

“మరిచిన వస్తువుల కోసం కిందికి దిగరాదు,” రావుగారు ఉరిమారు. తలలు ఊగాయి.

“వాటిని పైకి వచ్చే పనివారే తేవాలి.”

“వాటిని పైకి వచ్చే పనివారే తేవాలి.”

“మెట్ల మీద కాదు.”

“మెట్ల మీద కాదు.” రావుగారి చెయ్యి గాలిలోకి లేచింది.

“లిఫ్టులో. ఒంటరిగా వచ్చినా సరే.”

“లిఫ్టులో. ఒంటరిగా వచ్చినా సరే. ఇది నా ఆజ్ఞ.”

చివరి మాట ఆయన సొంతం.

ముందుగా చప్పట్లు కొట్టింది లీలాకుమారి. తర్వాత హాలంతా మోగిపోయింది. చాలా ఏళ్ల తర్వాత చప్పట్లు విన్న రావుగారు చేతులు జోడించి, మెల్లగా వెనక్కి వంగారు.

“రామయ్యా, నేనిప్పుడు ఏమన్నాను?”

“ఒక్క టేకులో ఓకే అయిందండీ.”

ఆ సాయంత్రమే రామయ్యగారు తన సామానంతా వాచ్‌మన్ గదిలో మరిచి వచ్చారు.

సోమవారం లిఫ్టు మా అంతస్తులో ఆగింది. రాజమ్మ తొమ్మిదిలోనే దిగవలసింది, ఊరికే పైదాకా వచ్చింది. ఆమె చేతిలో కళ్లజోడు, ఒక చెప్పు. కొమురమ్మ చేతిలో రెండో చెప్పు, భుజాన గొడుగు. ఇద్దరూ అద్దంలో తమను చూసుకుంటున్నారు. తన అంతస్తు దాటిపోయినా దిగకుండా మూల నిలబడ్డ రావుగారికి కొమురమ్మ గొడుగు ఎత్తి చూపింది.

“మీ ఆర్డరే సార్. జర జరుగుండ్రి.”

ఆయన మీసం సవరించుకుని జరిగారు.

నేనూ పైకి వెళ్లాను. పన్నెండో అంతస్తులో తలుపు తీసే ఉంది. రామయ్యగారు ఉత్తి కాళ్లతో నిలబడి, వచ్చినవన్నీ అందుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన ఏమీ మరిచిపోలేదు. సాయంత్రం పని ముగించి లిఫ్టులో దిగేటప్పుడు వాళ్లే చెప్పులూ గొడుగూ మళ్లీ కిందికి తీసుకుపోయేవారు. మర్నాటికి కావాలి కదా.