పసుపు రాసిన టార్చిలైటు

ఆ రోజుల్లో జేబులో ఫోను ఉండేది గానీ, అది మాట్లాడుకోవడానికి మాత్రమే అన్న అమాయకత్వం మాకింకా పోలేదు. వెలుతురు కావాలంటే దానికి వేరే ఏర్పాటు ఉండాల్సిందే. అందుకే రెండువేల దశకంలో, ఘాజియాబాద్‌లో ఉండగా, మొదటి కారు కొన్నప్పుడు (నాకది మొదటిది, దానికి నేను మూడోవాణ్ణి) అందులో పెట్టడానికి మంచి టార్చిలైటు ఒకటి కావాలని పట్టుబట్టాను. కారు కొన్నదే మా ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ రైలు ప్రయాణం వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పడంతో పుట్టిల్లే కాకినాడ నుంచి మా ఇంటికొచ్చింది, అంటే మా అత్తగారు, రెండు ఆవకాయ జాడీలతో, ఒక పసుపు డబ్బాతో.

టార్చి కోసం వరసగా ఆదివారాలు కరోల్ బాగ్ వెళ్ళాను. కొట్టువాడు చూపించిన ప్రతిదాన్నీ కోటు లోపల దూర్చి, చీకటి చేసి, మెడ వంచి వెలుగు పరీక్షించేవాణ్ణి. ఆఖరికి అతనికి విసుగొచ్చి, "భాయ్ సాబ్, టార్చ్ లేనా హై యా రిష్తా దేఖ్‌నా హై?" అన్నాడు. టార్చి కొంటున్నావా, పెళ్ళి సంబంధం చూస్తున్నావా అని. (నిజానికి మా ఆవిడని చూడ్డానికి ఒక్కసారే వెళ్ళాను.) చివరికి మోచెయ్యంత పొడుగున్నదాన్ని ఎంచుకున్నాను. వేస్తే ఎదుటి మేడ మీద ఆరేసిన స్వెట్టరు అల్లిక కనిపించేంత తెల్లటి వెలుగు. దాని గొప్పలు ఆ వారమంతా ఇంట్లో నేను చెప్పని పూట లేదు.

కారుకి పూజ చేసిన రోజు అత్తగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్టుకి పసుపు రాసి, నా చేతిలో టార్చి చూశారు.

"ఇది కారు సామానేనా అల్లుడుగారూ?"

"అవునండి," అన్నాను గర్వంగా.

"అయితే ఇలా ఇవ్వండి."

క్షణంలో దాని అద్దం నిండా తడిపసుపు మెత్తేశారు, నడిమధ్యన కుంకుమ బొట్టు. అద్దం వదిలేసి అంచులకి రాయండి అని బతిమాలాను. "మొహం వదిలేసి చెవులకి రాస్తారేంటండీ ఎవరైనా," అన్నారు. తర్వాత తడిగుడ్డతో తుడవబోతే మా ఆవిడ కళ్ళెర్రజేసింది. ఆ సాయంత్రం గోడ మీద వేసి చూశాను. అంత వెలుగూ మజ్జిగపులుసు రంగుకి తిరిగింది, మధ్యలో బొట్టు నీడ. నా ఆదివారాలన్నీ తలుచుకుని అన్నం సరిగా తినలేదు.

జనవరిలో ఒకరోజు తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. బయట పొగమంచు. మా కాలనీ నుంచి పెద్ద రోడ్డు చేరాలంటే కాలువ గట్టు మీద నుంచే దారి. గట్టుకి గోడ లేదు. హెడ్‌లైట్లు వేస్తే మంచు మీద పడి తెల్లగా తిరిగొస్తున్నాయి, బానెట్టు అవతల ఏమీ లేదు. వెనక సీట్లో మా ఆవిడ పళ్ళు బిగబట్టి మూలుగుతోంది. కారు ఆపేశాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

అత్తగారు తలుపు తీసుకుని దిగారు. చీర మీద నా కోటు, తలకి నా మంకీ క్యాపు, కాళ్ళకి నా మేజోళ్ళు, వాటి మీద ఆవిడ చెప్పులు.

"నాకు కారు నడపడం రాదు గానీ నడవడం వచ్చు. టార్చి ఇలా ఇవ్వండి. నా వెనకే రండి."

గట్టు అంచున గడ్డిని కాలితో తడుముకుంటూ, టార్చిని భుజం మీంచి వెనక్కి, నా వైపు తిప్పి పట్టుకుని ఆవిడ నడిచారు. హెడ్‌లైట్లు తగ్గించి ఆ పసుపు ముద్ద వెనకే కారు పోనిచ్చాను. అప్పుడర్థమైంది. నేను ఏరికోరి తెచ్చిన తెల్ల వెలుగే అయితే నా కళ్ళు బైర్లు కమ్మి ఆవిడతో సహా కాలువలో పడేవాళ్ళం. పసుపు మెత్తిన వెలుగు గనక ఎంతసేపైనా చూడగలిగాను. మధ్యలో ఆ బొట్టు కదలకుండా నా వైపే చూస్తోంది. వెనక ఎవరో హారను కొట్టి, విషయం గ్రహించి మానేశారు.

పెద్ద రోడ్డు దగ్గర మంచు పలచబడింది. చూస్తే మా వెనక పాలవ్యాను, దాని వెనక స్కూటర్లు, ఒక స్కూలు బస్సు, అన్నీ అత్తగారిని నమ్ముకుని వచ్చాయి. పాలవ్యాను డ్రైవరు దిగి దండం పెట్టి, "మాతాజీ, ఆజ్ ఆప్‌నే బచా లియా," అన్నాడు. అత్తగారు తనకొచ్చిన హిందీ మొత్తం వాడేశారు. "అచ్ఛా, అచ్ఛా. ఠీక్ హై." కారెక్కాక, "ఏమంటాడండీ?" అని అడిగారు. ఈ రోజు మీరే కాపాడారంటున్నాడని చెప్పాను. ఆ మాట నేను కూడా అనాల్సింది, గేరు మార్చి కారు పోనిచ్చాను.

ఆ పూటే మా అమ్మాయి పుట్టింది. ఇప్పుడు కారు నేర్చుకుంటోంది. దాని కారులో పెట్టమని టార్చి కొనిస్తే, "ఫోన్ మే లైట్ హై నా, నాన్నా," అంది. కొట్లో మొదట చూపించినదే తెచ్చేశాను, కోటులో దూర్చి చూడలేదు. అత్తగారికిప్పుడు మోకాళ్ళ నొప్పులు, కాకినాడ దాటి రాలేరు. ఫోనులో అడిగారు.

"టార్చికి పసుపు రాశారా అల్లుడుగారూ?"

"రాశానండి."

"మొహం వదిలేసి చెవులకి రాయలేదు కదా?"

"లేదండి. మొహం నిండా రాశాను," అన్నాను.